అడుగున గాలి చాలని చోటు

మా బావ నూనె ట్యాంకుల్లోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి తీసేవాడు. ఆయన నడుముకు కట్టిన తాడు పట్టుకుని నేను పైన మూత దగ్గర కూర్చునేవాణ్ణి. లోపల గాలి చాలకపోతే కొన్నిసార్లు మనిషికి ఊపిరాడనట్టే ఉండదు, మత్తుగా, సుఖంగా ఉంటుంది. అందుకే మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. కిందివాడు చస్తున్నానని తిడుతున్నంతసేపూ ఫరవాలేదు. హాయిగా ఉందన్నాడంటే మాత్రం మారుమాట లేకుండా లాగెయ్యాలి. బావ నోరు మంచిది కాదు గనక నాకెప్పుడూ బెంగ ఉండేది కాదు.

ఆయన మెదడులో గడ్డ ఉందని తేలింది. డాక్టరమ్మ స్కానింగులో దాని నడుమ ఉన్న నల్లటి మచ్చ చూపించింది.

"ఇక్కడ ఆక్సిజన్ సరిగా అందదు. గడ్డను చంపడానికి మన ఒళ్లు పంపించే కణాలు ఇక్కడికొచ్చి నీరసించిపోతాయి. కొన్నయితే దానికే కాపలా కాస్తాయి. రేడియేషన్ కూడా ఇక్కడ అంతగా పనిచెయ్యదు."

"అంటే, దిగినవాళ్లు పైకి రావట్లేదన్నమాట," అన్నాడు బావ. తర్వాత ఆవిణ్ణీ, ఆసుపత్రినీ, నన్నూ కలిపి తిట్టాడు. నా ప్రాణం కుదుటపడింది.

రేడియేషన్ మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అక్క ఆయనకు దుప్పటి సర్దుతోంది. పొద్దుటినుంచీ ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు.

"ఎలా ఉంది బావా?" అన్నాను.

ఆయన నావైపు చూసి నెమ్మదిగా నవ్వాడు. "హాయిగా ఉందిరా."

అక్క మొహం వెలిగిపోయింది. నా రెండు చేతులూ దుప్పటి మీద, ఆయన నడుము దగ్గర, తాడు కోసం తడుముతున్నాయి.