మెయిల్ మెర్జ్‌లో మేనమామ

అప్పట్లో నేను కదిరిలో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పనిచేసేవాణ్ణి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి వచ్చాను. బోరు ఎండిపోయి మోటారు కాల్చుకున్నవాళ్ళు, వోల్టేజి చాలక కాల్చుకున్నవాళ్ళు మా దగ్గరికే వచ్చేవాళ్ళు. షాపు యజమానికి బిల్లులు, సరుకు లెక్కలు కంప్యూటర్లోకి మార్చాలని ఆశ పుట్టింది. నేర్చుకునే పని నాకు అప్పజెప్పాడు. అలా బెంగళూరులో ఒక కాలేజీ నడిపే ఆన్‌లైన్ కోర్సులో చేరాను. అందులో వ్యాపార సమాచార వ్యవస్థలు ఒక భాగం, ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఇంకో భాగం.

సాయంత్రం షాపు మూసేశాక బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కి పోయేవాణ్ణి. పాఠం వీడియో ముక్కలు ముక్కలుగా వచ్చేది. మాస్టారు నోరు తెరిచి అలాగే ఆగిపోయేవారు, మాట తర్వాత వచ్చేది. ఆ ఖాళీలో నేను నోట్సు రాసుకునేవాణ్ణి. కరెంటు పోతే నెట్ సెంటరాయన "ఎవురూ లేయొద్దండప్పా, యూపీఎస్ ఉండాది" అనేవాడు. కాసేపటికి అదీ ఆగిపోయాక "సరే, ఇంక లేయండి" అనేవాడు.

నాకు ఆ కోర్సు చాలా నచ్చింది. నాది మొదటి నుంచీ జాబితాల బుద్ధి. ఊరికి పోవాలంటే సంచిలో ఏమేం పెట్టాలో రాసుకున్నాకే పెట్టేవాణ్ణి. అట్లాంటివాడికి గళ్ళు గీసిన తెర దొరికితే ఇంకేం కావాలి. డేటాబేస్ పాఠంలో ఒక్కో మనిషికి ఒక్కో రికార్డు, ఏ ఇద్దరూ కలిసిపోకూడదు అని చెప్పినప్పుడు నా మనసులో ఎప్పటినుంచో ఉన్న మాట ఎవరో బయటికి అన్నట్టు అనిపించింది. మెయిల్ మెర్జ్ నేర్చుకున్న రోజు బస్సులో ఇంటికి పోయేదాకా అదే ఆలోచన. ఒక్క ఉత్తరం రాసి పెడితే చాలు. పట్టికలోని పేర్లు వరసగా దాంట్లోకి వచ్చి కూర్చుంటాయి.

కోర్సు చివర ఒక ప్రాజెక్టు చేయాలి. నిజంగా జరుగుతున్న ఏదో ఒక పనికి సమాచార వ్యవస్థ తయారుచేయాలి. సరిగ్గా అప్పుడే మా అక్కకు శ్రావణంలో పెండ్లి కుదిరింది. మాది తనకల్లు దగ్గర పల్లె. పెండ్లి పిలుపులకు మామూలుగా అమ్మా నాయనా కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ పోవాలి. ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. పడినాక శెనక్కాయ విత్తనం ఆగదు, నేల పదును ఆరిపోతుంది. ఇద్దరూ చేను వదిలి వచ్చే పరిస్థితి లేదు.

"పిలుపులు నేను చూసుకుంటా" అన్నాను.

"అందరికీ అందేట్టు చూడు" అంది అమ్మ, విత్తనాల గంప నెత్తికెత్తుకుంటూ.

ఆ ఒక్క మాటే నాకు దొరికిన ఆదేశం. బంధువుల పేర్లు, ఊర్లు అన్నీ ఒక పట్టికలో పెట్టాను. బస్సు దోవ ప్రకారం సార్టు చేశాను. తనకల్లు, కదిరి, గోరంట్ల, లేపాక్షి, హిందూపురం, చివర మడకశిర. తిరిగిన దోవలో మళ్ళీ తిరిగే పని లేదు. నెట్ సెంటరాయన దగ్గరున్న తెలుగు ఫాంటుతో చిరునామా చీటీలు అచ్చు తీసి పెండ్లి పత్రికల కవర్ల మీద అంటించాను. ప్రతి చీటీ మీదా ముందు శ్రీ, వెనక గారికి. ప్రాజెక్టు మొదటి భాగం పంపితే మాస్టారు మెచ్చుకున్నారు. దోవ ప్రకారం సార్టు చేయడం తెలివైన పని అన్నారు. కింద ఒక ప్రశ్న కూడా వేశారు: వాడేవాళ్ళ అవసరాలు అడిగి తెలుసుకున్నారా? వాడేది మా ఇంటివాళ్ళే, అవసరాలు నాకు తెలుసు అని జవాబు రాశాను.

మా అమ్మకు ఒక్కడే అన్న. మడకశిర అవతల పల్లెలో గొర్రెలు మేపుకుని బతుకుతాడు. మాతో తెలుగు మాట్లాడతాడు, గొర్రెలతో కన్నడం. షాపుకు సెలవు దొరికిన రోజల్లా ఒక్కో ఊరు తిరిగి పత్రికలు ఇచ్చుకుంటూ వచ్చాను. నా పట్టికలో ఆయనది ఆఖరి రికార్డు. నేను చేరేసరికి వాకిట్లో కూర్చుని ఒక గొర్రెపిల్ల కాలికి కట్టు కడుతున్నాడు. లేవలేదు.

"ఎవురప్పా?" అన్నాడు.

"నేనే మామా."

"కనపడతాండావు. యా ఊరాయప్ప అని అడగతాండా."

అత్త చెంబుతో నీళ్ళు తెచ్చింది. "సంత నుంచి వచ్చినప్పట్నుంచీ ఇదే తంతు. నువ్వు కూచో నాయనా" అంది.

సంచిలోంచి పత్రిక, కుంకుమ భరిణె తీశాను. మామ చేయి చాపలేదు. కవరు మీది చీటీని కూర్చున్నచోటు నుంచే చదివాడు.

"శ్రీ అంట. గారికి అంట. యాడ నేర్చినావు అల్లుడా ఇంత మర్యాద?"

"అది కంప్యూటరు వేసింది మామా. అందరికీ ఒకే మాదిరి."

"నేనూ అదే చెప్తాండా. అందరికీ ఒకే మాదిరి."

గొర్రెపిల్లను కిందికి దించి అప్పుడు చెప్పాడు. "సంతలో లేపాక్షాయప్ప జేబులోంచి పత్రిక తీసి చూపిస్తాడు. అచ్చు బలే ఉండాది, మేనమామవు, నీకు అందరికంటే ముందే వచ్చింటాది కదన్నా అంటాడు. నేనేం చెప్పల్ల? బేరం చెయ్యకుండా గొర్లు తోలుకోని ఇంటికి వచ్చినా."

మొదటి పత్రిక దేవుడి దగ్గర, రెండోది మేనమామ గడపలో. ఇది మా వైపు ఎవరూ ఎవరికీ చెప్పే సంగతి కాదు, అందుకే నాకూ ఎవరూ చెప్పలేదు.

"బస్సు దోవ ప్రకారం వచ్చినా మామా. మీ ఊరు చివర్న ఉండాది."

"నీ దోవలో చివర. మీ యమ్మ పుట్టింది ఈడ."

అత్త భరిణెలోంచి కుంకుమ తీసి బొట్టు పెట్టుకుంది. పత్రిక మాత్రం తీసుకోలేదు. "నేను తీసుకుంటే ఆయనకు ఇంకా కోపం. ముద్ద తిని పో" అంది. రాగిముద్ద, పప్పు తిన్నాను. మామ దొడ్డివైపే ఉండిపోయాడు. పత్రిక సంచిలోనే వెనక్కి వచ్చింది.

ఇంట్లో చెబితే ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. మా వైపు పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామే మంటపానికి ఎత్తుకుని రావాలి.

"నడిచే వచ్చి కూచుంటాలే పీటల మీద, నాకేమన్నా కాళ్ళు లేవా" అంది అక్క. నవ్వబోయి ఆగిపోయింది. చిన్నప్పుడు సెలవులకు పోతే ఆమెను భుజం మీద ఎక్కించుకుని మందంతా తిప్పింది ఆ మామే.

"ఎవురో ఒకరు ఎత్తుతార్లే" అన్నాడు నాయన.

అమ్మ ఆయన వైపు చూసింది. ఆయన ఎద్దులకు నీళ్ళు పెట్టేదానికి పోయాడు.

"మా అన్న రాకుంటే నేను ఆ మంటపంలో నిలబడలేను" అంది అమ్మ.

ప్రాజెక్టు రెండో భాగం పంపాల్సిన గడువు దగ్గరికొచ్చింది. వ్యవస్థ ఎక్కడ విఫలమైందో రాయాలి. జరిగింది జరిగినట్టు రాసి పంపాను. మాస్టారి నుంచి మార్కులకంటే ముందు ఒక చిన్న ఉత్తరం వచ్చింది, మీ మేనమామ వస్తున్నారా అని. తెలియదండీ అని రాశాను.

పొరపాటు ఎక్కడుందో ఆయన చెప్పలేదు. అమ్మ చెప్పింది. ఒక మధ్యాహ్నం నా పట్టిక కాగితాలు ముందేసుకుని కూర్చుంటే పక్కన వచ్చి కూలబడింది.

"దీంట్లో మీ నాయన పేరు యాడుండాది?"

"నాయన పేరేంటికిమా? ఆయన పిలిచేవాడు కదా."

"నా పేరు?"

"నువ్వూ అంతే."

"మరి మా అన్న పేరేంటికి ఉండాది?"

ఎంతసేపూ ఆయన రికార్డును ఆఖరి నుంచి మొదటికి జరపడం గురించే ఆలోచించాను నేను. ఆ పట్టికలో ఆయన ఉండాల్సిందే కాదు.

మర్నాడు యజమాని మోటారుసైకిల్ అడిగి తీసుకుని మడకశిర పోయాను. కుంకుమ భరిణె తీసుకుపోయాను, మామ పేరున్న పత్రిక తీసుకుపోలేదు. మామ మందను దొడ్లోంచి బయటికి వదులుతున్నాడు.

"మళ్ళా వచ్చినావా గారూ" అన్నాడు.

"నిన్ను పిలిచేదానికి రాలేదు మామా. పిలుపులకు నువ్వు రావల్లంట. అమ్మ చెప్పింది."

"ఎవుర్ని పిలవల్ల?"

"లేపాక్షి నుంచి ఈ పక్క మనోళ్ళందర్నీ."

"అందరికీ ఇచ్చేస్తివి కదా."

"నేనిచ్చింది కాగితం."

మామ ఒక పొట్టేలును కన్నడంలో అదిలించాడు.

"ఈ మాట మీ యమ్మ చెప్పిందా, నీ కంప్యూటరు చెప్పిందా?"

"అమ్మే."

"అట్లయితే సరే." లోపలికి కేక వేశాడు. "ఏమేయ్, నా తెల్లపంచ ఎత్తియ్యి. ఈ పొద్దు మంద నువ్వే తోలుకోని పో."

"పోతా, పోతా. మూతి ముడుచుకోని ఇంట్లో కూచునేదానికంటే అదే మేలు" అంది అత్త. ఆమె పంచె ముందే తీసి పెట్టినట్టుంది, అంత త్వరగా తెచ్చింది.

లేపాక్షిలో, సంతలో మామకు పత్రిక చూపించినాయన ఇంటికే మొదట పోయాం. మామ గడప లోపలికి పోయి పెద్దావిడకు భరిణె అందించి బొట్టు పెట్టుకోమన్నాడు. మంచం మీద కూర్చున్నాక అన్నాడు. "మావోడు కాగితం పడేసి పోయినాడంట. పిల్లోడు, బెంగళూరు చదువు చదువుతాండాడు. నా మేనకోడలి పెండ్లి, నేను పిలుస్తాండా. ఇంటిల్లిపాదీ రావల్ల." ఆ ఇంటాయన ఏదో అనబోయి, మామ మొహం చూసి, "వస్తామన్నా" అని మజ్జిగ తెప్పించాడు. ప్రతి ఇంట్లోనూ అదే మాట, అదే వరసలో చెప్పాడు. బండి మీద నా వెనక కూర్చుని, పోయిన ఇల్లు, పోవాల్సిన ఇల్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. హిందూపురం దాటాక కోపం సంగతి పూర్తిగా మర్చిపోయి, గొర్రెల దొడ్డికి పెట్టించిన మోటారు ఎందుకు ఊరికే వేడెక్కుతోందని అడిగాడు.

పెండ్లి పొద్దున విడిదింట్లో గంప సిద్ధంగా ఉంది. అక్క పట్టుచీర సర్దుకుని దాంట్లో కూర్చుంది. మామ పంచె ఎగ్గట్టి వంగాడు. ఆయన మోకాలు ఆ మధ్య నొప్పి పెడుతోందని అత్త నాకు ముందే చెప్పి ఉంచింది. అందుకని రెండో వైపు గంప అంచు పట్టుకున్నాను.

"బరువైనావే తల్లీ" అన్నాడు మామ.

"పొట్టేలంత ఉంటానా మామా?" అంది అక్క.

"రెండు పొట్టేళ్ళు." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెయ్యి తియ్యప్పా. ముందు పోయి జనాన్ని పక్కకు జరుపు."

చెయ్యి తీసేశాను. ముందు నడుస్తూ, దోవ ఇవ్వండి, దోవ ఇవ్వండి అంటూ పోయాను. వెనక మామ ఊపిరి బరువుగా వినపడుతోంది. మంటపం మెట్ల దగ్గర అమ్మ నిలబడి ఉంది.