నల్లబడ్డ పైరు, పచ్చబడ్డ ఏరు: అనంతసాగరం నుంచి పెన్నా మొగ దాకా

పోయిన నెలలో మా ఆపా ఫోన్ చేసి ఏడ్చింది. మా అక్క నస్రీన్ అంత తేలిగ్గా ఏడ్చే మనిషి కాదు. నెల్లూరు అవతల, ఇందుకూరుపేట దాటాక, పెన్నా సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆమె, బావ రొయ్యల గుంట కౌలుకు చేస్తున్నారు. “ఉప్పుటేరు పచ్చగా చిక్కబడిపోయిందిరా. తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలతా ఉండాయి. మన గుంటకు పెట్టేది ఆ నీళ్ళే. ఈ పంట పోతే మేం లేవలేం” అంది. ఏటి మీదుగా వచ్చే ఎరువు నీళ్ళకు నాచు పెరుగుతోందనీ, రాత్రిళ్ళు నీళ్ళలోని గాలిని ఆ నాచే పీల్చేస్తోందనీ అక్కడి రొయ్యల టెక్నీషియన్ చెప్పాడట. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉదయగిరిలో నా కొయ్య గరిటెల దుకాణానికి తాళం వేసి, ఆ నీళ్ళు వదిలేదెవరో చూసే వస్తానని బయలుదేరాను.

ఉదయగిరిలో పొద్దున్నే బస్సెక్కితే ఆత్మకూరుకు గంటన్నర పైనే పడుతుంది. అక్కడ ఇడ్లీ తిని, షేర్ ఆటోలో అనంతసాగరం వైపు వెళ్ళాను. ఆటోకు యాభై రూపాయలు సరిపోయాయి. “రేత్రి వాన దంచేసిందన్నా, మడులన్నీ మునిగినాయి” అన్నాడు డ్రైవర్. మా చాచా, అంటే బాబాయి, అక్కడే సోమశిల కాలువ కింద వరి వేస్తాడు. నేను దిగేసరికి పార పట్టుకుని గట్టు మీద ఉన్నాడు, పక్కన ఖాళీ యూరియా బస్తాలు. మా వైపు పైరు పచ్చగా ఉందంటే ఎవరూ మెచ్చుకోరు, ముదురాకుపచ్చకు తిరిగి నల్లబడాలి. పక్క మడి మనదానికంటే నల్లగా కనబడితే ఆ పూట అన్నం దిగదు, ఇంకో బస్తా పడాల్సిందే.

“ఎప్పుడు చల్లినావు చాచా?”

“నిన్న సాయంత్రం.”

“మబ్బు కనబళ్ళేదా?”

“కనబడింది. పక్కోడు చల్లతా ఉంటే నేను చూస్తా కూర్చోవాల్నా?” అంటూనే నీళ్ళు పోవడానికి గట్టులోని మడవ తెగ్గొట్టాడు. ఎరువు కరిగిన నీళ్ళు బుసబుసమంటూ మురుగుకాలువలోకి దూకాయి. ఆ కాలువ పోయి పెన్నాలో కలుస్తుంది.

“కట్టెయ్ చాచా! కింద ఆపా గుంట ఉండాది!” అని అరిచాను.

“కడితే పైరు కుళ్ళిపోతాది. అప్పుడు మా ఇంట్లో ఏం వండేదో నువ్వే చెప్పు.”

నాకు ఒళ్ళు మండింది. అయినా ఆయన చేతిలోంచి పార లాక్కోలేకపోయాను.

మధ్యాహ్నం ఆత్మకూరు నుంచి నెల్లూరు బస్సు పట్టుకున్నాను. సంగం దాకా కిటికీ పక్కనే కూర్చుని, ఏరు కనబడిన చోటల్లా వంగి చూస్తూనే ఉన్నాను. పొద్దున చాచా వదిలిన నీళ్ళు సాయంత్రానికే సముద్రం చేరవని తెలుసు. ఎన్నో మడుల నీళ్ళు, ఊళ్ళ మురుగు ఎప్పటినుంచో చేరుతున్నాయనీ తెలుసు. అయినా నా బస్సు ఆ నీళ్ళతో పందెం వేసుకున్నట్టే అనిపించింది. నెల్లూరులో బస్సు మారి, చివర ఆటో ఎక్కి, చీకటి పడే వేళకు గుంట చేరాను.

తెల్లవారుజామున ఆపా కేకకు లేచాను. రొయ్యలు అంచుల వెంబడి గుంపులుగా పైకి తేలుతున్నాయి. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లన్నీ తిరుగుతున్నా చాలడం లేదు. బావ పరుగెత్తి నీళ్ళు తోడే మోటారు స్విచ్ మీద చెయ్యి వేశాడు. పక్కన ఉప్పుటేరు గోంగూర ఉడికించిన నీళ్ళలా ఉంది, ముక్కు పగిలే వాసన.

“ఆ నీళ్ళు ఎక్కించినావంటే ఉండేవి కూడా పోతాయి!” ఆపా అతని చెయ్యి పట్టేసింది. “రొయ్య పెరిగి కౌంటు రాకపోయినా పర్లేదు. ఇప్పుడే పట్టేద్దాం.”

బావ ఒక్క క్షణం గుంట వైపే చూశాడు. తర్వాత వలల వాళ్ళకు ఫోన్ చేశాడు. రొయ్యలు పట్టాలంటే ముందు గుంట నీళ్ళు దించాలి. బావ తూము పలకలు లేపాడు. మేతా, రెట్టా కలిసి కుళ్ళిన నల్లటి నీళ్ళు భళ్ళున ఉప్పుటేట్లో పడ్డాయి. దిగువన పడవలో నిలబడి వల లాగుతున్న ఒకాయన తలెత్తి చూశాడు.

“ఏందన్నా ఇది! ఉండే నాలుగు చేపలు కూడా చావాల్నా?”

బావ తలొంచుకున్నాడు. పలకలు మాత్రం దించలేదు. ఈసారి కట్టమని నేను అరవలేదు. రొయ్యలు సన్నవైనా చాలావరకు బతికుండగానే దక్కాయి. పెట్టుబడిలో సగమైనా వస్తుందని ఆపా కళ్ళు తుడుచుకుంది.

ఎవరి మీదో అరిచి రావాలని బయలుదేరినవాణ్ణి. తీరా చూస్తే ఇద్దరూ మావాళ్ళే దొరికారు. ఇద్దరికీ భయం ఒకటే, కళ్ళముందు పంట పోతోందని. ఇద్దరూ ఆ భయాన్ని కిందికి వదిలారు. ఉప్పుటేరు దాటాక సముద్రమే, ఇక దానికి కింద ఎవరూ లేరు. చాచాకు ఫోన్ చేసి ఇదంతా వినిపించాను. “ఆ పడవాయన ఏమన్నాడురా?” అని మాత్రం అడిగాడు. ఆయన మాటే ఉన్నదున్నట్టు చెప్పాను.

ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట వైపు మొదటి బస్సే ఎక్కండి, తాగేనీళ్ళు వెంట తీసుకెళ్ళండి. ఉప్పుటేరు పచ్చగా ఉండి వాసన వేస్తుంటే, ఒడ్డున ఎంత చవగ్గా ఇచ్చినా చేపలు కొనకండి.