జట్టు వెళ్ళిపోయింది, చరిత్ర ఉండిపోయింది

విదేశంలో మాస్టర్స్ చేస్తూ, రెండో సెమిస్టర్‌లో నాకు యూనివర్సిటీ లైబ్రరీలో పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికింది. బేస్‌మెంట్‌లో కూర్చుని, ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు పాత కాగితాలు స్కాన్ చేసి, వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదనుకుని వచ్చినదాన్ని. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటకు ఆ పేరెందుకు పెట్టారో తెలియకుండానే పని మొదలుపెట్టాను.

మొదటి నెల హాయిగా గడిచింది. ఆటగాడి పేరు, ఆడిన ఏళ్లు, కంప్యూటర్‌లో జట్టును గుర్తించే నంబరు. జట్టు ఒక్కటే కదా అని అందరికీ ఒకే నంబరు వేసుకుంటూ పోయాను. ఒక మధ్యాహ్నం ఓ పెట్టెలోంచి పత్రికల కత్తిరింపులు బయటపడ్డాయి. యజమాని జట్టును వేరే ఊరికి తీసుకుపోతున్నాడట. స్టేడియం ముందు పెద్ద పెద్ద మగవాళ్లు ఏడుస్తున్న ఫొటోలు. తర్వాతి పెట్టెలో మళ్ళీ అదే పేరు, అవే రంగుల హెల్మెట్లు, ముఖాలు మాత్రం కొత్తవి. మధ్యలో మూడేళ్లకు ఒక్క కాగితం లేదు.

వెళ్లి మా సూపర్‌వైజర్‌ని అడిగాను. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన పెద్దావిడ.

"ఆటగాళ్లు, కోచ్‌లు వెళ్ళిపోయారు. పేరు, రంగులు, రికార్డులు మాత్రం ఈ ఊళ్లోనే వదిలేయాలని ఒప్పందం. మూడేళ్ల తర్వాత కొత్తవాళ్లతో మళ్ళీ స్టార్ట్ చేశారు" అంది.

"అయితే ఇప్పుడున్నది కొత్త టీమా?"

"కాదు, పాతదే."

"మరి వెళ్ళినవాళ్లు?"

"వాళ్లదే కొత్త టీమ్."

అర్థమైనట్టు తలూపి వచ్చేశాను. మనుషులందరూ పాతవాళ్లే అయిన జట్టు కొత్తది. పాతవాడు ఒక్కడూ లేని జట్టు పాతది. ఆ రోజు ఇక ఒక్క పేరూ ఎక్కించలేదు.

ఇంటికెళ్లి నా రూమ్మేట్‌కి చెప్పాను. తనది కరీంనగర్, నాది గుంటూరు. దోశ తిరగేస్తూ నవ్వింది.

"గిండ్ల కన్ఫ్యూజ్ అయ్యేదేముంది అక్కా? మన స్టేట్ డివైడ్ అయినప్పుడు పేరు మీకొచ్చింది, హైదరాబాద్ మాకొచ్చింది. సేమ్ గదే."

"అయితే విడిపోకముందు ఉన్న స్టేట్ ఎవరిది?"

"అది..." అని ఆగింది. "నా పాస్‌పోర్ట్‌ల పుట్టిన ఊరు పక్కన ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. ఏమో అక్కా, నన్నడగకు." ఈలోగా దోశ మాడిపోయింది.

మర్నాడు నా తెలివి నేను వాడాను. మూడేళ్లు ఆట లేదంటే అక్కడితో ఒకటి ముగిసినట్టే. పాత జట్టుకు ఒక నంబరు, ఇప్పటి జట్టుకు ఇంకొకటి ఇచ్చాను. లైబ్రరీ హాల్లో ఎగ్జిబిషన్ కోసం పెట్టిన టచ్ స్క్రీన్‌లోకి కూడా అదే వెళ్లింది.

వారం తర్వాత ఒక ముసలాయన వచ్చాడు. సిటీ బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరైనవాడు. మా పెట్టెల్లో సగం ఆయన ఇచ్చినవే. నలభై ఏళ్లపాటు వెళ్లిన ప్రతి మ్యాచ్‌లో అమ్మిన పుస్తకమూ, టికెట్టూ దాచుకున్నాడు. స్క్రీన్ మీద పాత జట్టును నొక్కాడు. పేరు కింద 'ముగిసింది' అని వచ్చింది.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి మళ్ళీ పెట్టుకుని, "మేం అలా అనుకోలేదమ్మా" అన్నాడు, అంతే. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన ఎదుటే రెండు నంబర్లూ కలిపి ఒకటి చేశాను.

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఇక ఆగలేక, ఊరు వదిలి వెళ్లినవాళ్లలో ఆయనకు బాగా ఇష్టమైన ఆటగాడెవరని అడిగాను. ఒక పేరు చెప్పాడు. వెళ్ళిపోయిన ఆ జట్టు కొన్నేళ్లకే కొత్త ఊళ్లో పెద్ద కప్పు గెలిచిందని నేను కాగితాల్లో చదివాను.

"అతను మీవాడేనా?"

"మావాడే."

"ఆ కప్పు?"

"మాది కాదు."

"మరి అతను గెలిచిన రోజు మీరేం చేశారు?"

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. "మా ఆవిడ వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది. ఆ మ్యాచ్ చూడనని ఆమెకు మాటిచ్చాను. టీవీ సౌండ్ తీసేసి చూశాను. అతను గెలవగానే లేచి గంతేశాను. తర్వాత సిగ్గేసింది. పార పట్టుకుని బయటికెళ్లి, వాకిట్లో మంచు ఎత్తిపోశాను. ఎత్తడానికి అక్కడ మంచే లేదు." ఆయన మళ్ళీ తలుపు వైపు చూశాడు. "ఆమె పోయేదాకా చెప్పలేదు. కంప్యూటర్‌లో పెట్టకు."

పెట్టలేదు. ఇక్కడ ఊరి పేరు రాయకపోవడానికీ అదే కారణం.

ఎగ్జిబిషన్ మొదలైన రోజు ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. స్క్రీన్ మీద ఇప్పుడు జట్టు మొదటినుంచి చివరిదాకా ఒకే గీత. మధ్యలో మూడేళ్లు మాత్రం ఖాళీ.

"ఇక్కడేం లేదేం?" అన్నాడు.

"ఆ మూడేళ్లూ టీమ్ లేదు కదండీ."

"టీమ్ లేదు. మేమున్నాం కదా?"

నేను సూపర్‌వైజర్ వైపు చూశాను. ఆటే ఆడని జట్టుకు అభిమానులున్నారని ఏ గడిలో రాయాలి? నెక్స్ట్ సెమిస్టర్ చూద్దాం అంది ఆవిడ. ఆ సెమిస్టర్ వచ్చేసరికి నాకు క్యారీ అనే వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఆ ఖాళీని ఎవరైనా పూరించారో లేదో తెలియదు.

సోమవారాలు ఆఫీసులో అందరూ ముందురోజు మ్యాచ్ గురించే మాట్లాడుకుంటారు. ఒకసారి నన్ను ఏ టీమ్ అని అడిగితే ఆ జట్టు పేరు చెప్పాను. "ఓహ్, పాపం! వాళ్లు వేరే ఊరికి వెళ్ళిపోయారు కదా?" అన్నాడు ఒకతను. ఇంకొకతను, "లేదు లేదు, అక్కడే ఉన్నారు" అన్నాడు. ఇద్దరూ నావైపు తిరిగారు. "రెండూ నిజమే" అని కాఫీ కప్పు పక్కన పెట్టి, కుర్చీ లాక్కున్నాను.