మేకుకు మిగిలిన బిళ్ళ

యేసయ్యకు అనుమానం ఎక్కువ. ఈ మాట ఆయనతోనే అంటే, ఆ 'ఎక్కువ'ను కూడా కర్రతో తట్టి చూసిగానీ ఒప్పుకోడు.

తప్పు ఆయనది కాదు. ఉద్యోగమంతా బొగ్గుబాయిలో సర్దారుగా చేశాడు. సర్దారు పనే అనుమానించడం. అందరికంటే ముందు చీకట్లోకి నడిచి, పైకప్పును కర్రతో తట్టి, చెవి పెట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. ఊడబోయే రాయి బోలుగా, తలుపు వెనక ఎవరో దగ్గినట్టు పలుకుతుంది. ఆ దగ్గు విని 'ఇయ్యాల ఇక్కడ పని బంద్' అన్నవాడు కాబట్టే, ఆయన కింద పనిచేసినవాళ్ళు ఇవాళ మనవళ్ళను ఎత్తుకుని గోదావరిఖని బజారులో తిరుగుతున్నారు. రిటైరైన రోజున కంపెనీ ఆయన దగ్గర దీపం, టోపీ, బెల్టు వాపసు తీసుకుంది. అనుమానం తీసుకోవడం మరిచిపోయింది.

పుచ్చకాయను అందరూ తడతారు. యేసయ్య గుమ్మడికాయను తడతాడు, గ్యాసుబండను తడతాడు, కొత్త అల్లుడి వీపు కూడా తట్టాడు. దీవిస్తున్నాడనుకుని ఆ పిల్లవాడు భక్తిగా తల వంచాడు. యేసయ్య తల పక్కకు వాల్చి వింటున్నాడు. చర్చిలో ప్రార్థన జరిగేటప్పుడు ఒక కన్ను తెరిచే ఉంచుతాడు.

"మీకు తోమా అని పేరు పెట్టవలసింది. ఆయనా ప్రభువు గాయాలు ముట్టిచూసిగానీ నమ్మలేదు" అన్నాడు పాస్టరుగారు ఒకసారి.

"తోమా ఒక్కసారే తనిఖీ చేసిండు అయ్యగారూ. మళ్ళ చూడలే. అది తప్పు" అన్నాడు యేసయ్య.

ఇక చాయ్ సంగతి. ఎవరిచ్చినా సరే, ఇచ్చినవాడు ముందు ఒక గుటక తాగాలి. దానికి ఆయన పెట్టుకున్న పేరు గ్యాస్ టెస్టు. చాయ్ హోటల్ సదయ్య ఇన్నేళ్ళుగా ఆ టెస్టులకు గుటకలు మింగీ మింగీ, "నాకు షుగర్ వచ్చిందే యేసయ్యన్న అనుమానం తోని" అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

అలాంటి మనిషి సెకండ్‌హ్యాండులో టర్బో కారు కొన్నాడు. దాన్ని ఎంతసేపు తట్టాడో అమ్మినవాళ్ళనే అడగాలి. మొన్న భార్య సుసన్నాతో మందమర్రిలో పెళ్ళికి పోతుంటే, గోదావరి బ్రిడ్జి మీద ఆ కారుకు ఊపిరి అందలేదు. వెనక నల్లటి పొగ, ముందు ఎక్కడో సన్నటి ఈల.

"సుసన్నా, ఈల ఏస్తున్నవా?"

"ఈ వయసుల నీకెవరు ఈల ఏస్తరు?"

షోరూమువాళ్ళు చూసి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ మార్చాలి, బండి వదిలి వెళ్ళండి అన్నారు. కనబడని చోట బండి వదలడమా! యేసయ్య ఈల వింటూనే తిరిగొచ్చి, కారును తిన్నగా మెకానిక్ జైపాల్ షెడ్డు ముందు ఆపాడు. ఎదురుగా హోటల్లో సదయ్య చేతిలో గిన్నె జారింది.

ఎందుకంటే జైపాల్ దగ్గరికి ఇప్పుడు ఎవరూ రావడం లేదు. చెయ్యి మంచిదే. కానీ పోయినేడాది గోలేటి టీచరు కారుకు ఇదే పని చేస్తూ, ఇంజను నోట్లో దుమ్ము పడకుండా కుక్కిన గుడ్డల్లో ఒకటి తియ్యడం మరిచి, స్టార్ట్ చేశాడు. ఇంజను దాన్ని మింగింది. అప్పటినుంచి ఊళ్ళో అతని పేరు గుడ్డ జైపాల్. షిఫ్టు దిగి పోయేవాళ్ళు షెడ్డు ముందు సైకిల్ మోటారు ఆపి మరీ "ఏం జైపాలన్నా, తుడుసుకుంట, ఓ గుడ్డ ఉంటే ఇస్తవా?" అని అడిగేవాళ్ళు. నెలాఖరుకు షెడ్డు ఎత్తేసి, హైదరాబాదులో ఎవరిదో కారు నడపడానికి పోతానని మాట కూడా ఇచ్చేశాడు. పానాలు పట్టుకునే చేతికి ఇక స్టీరింగే గతి.

యేసయ్య దిగి, వచ్చీరాగానే జైపాల్ వీపు మీద గట్టిగా ఒకటి చరిచాడు.

"ఏం రా, మానిఫోల్డ్ మారుస్తవా?"

"మారుస్త కాక. కానీ..." జైపాల్ అటూ ఇటూ చూశాడు. "నా దగ్గరికి ఎందుకు తెచ్చినవ్?"

"ఏం, తేవద్దా?"

ఎవరినీ నమ్మని మనిషి, ఎవరూ నమ్మని మెకానిక్కు దగ్గరికి ఎందుకు వచ్చినట్టు? జైపాల్‌కు ఆ క్షణంలో అనుమానం అంటుకుంది. బొగ్గుదుమ్ములాగే అది కూడా గాలిలో వచ్చి అంటుకునేదే. ఇందులో ఏదో మతలబు ఉంది. మళ్ళీ తప్పు చేస్తే పట్టుకుని నలుగురిలో పెట్టడానికే వచ్చాడేమో.

మర్నాడు యేసయ్య కుర్చీ తెచ్చుకున్నాడు. చంకలో ఒక చెక్క. దాని మీద మేకులు, ఒక పక్క సుద్దతో 'లోపల', మరో పక్క 'బయట'. జేబునిండా సోడామూతలు. సుత్తితో సాపు చేసి, బొక్క కొట్టినవి.

"ఇదేంది కాక?"

"బిళ్ళలు. బాయి దిగేటోడు బిళ్ళ ఇచ్చి దిగుతడు. ఎక్కినంక తీసుకుంటడు. బిళ్ళ లోపల ఉన్నదంటే మనిషి లోపల ఉన్నట్టే, ఎవ్వడు ఇంటికి పోవద్దు. నీ పానా ఇంజన్ల పెట్టినవ్ అనుకో, ఒక బిళ్ళ లోపల. తీసినవ్, బయట. సమజైందా?"

"నా పానాలకు హాజరు ఏస్తవా?"

"పానాలకే గాదు, గుడ్డలకు సుత."

ఆ మాటకు జైపాల్ చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళు బిగించుకుని పనిలో దిగాడు. టర్బో నుంచి వచ్చే గొట్టం విప్పాడు, వైర్లు పీకాడు, బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాడు. చెక్క మీద బిళ్ళలు అటూ ఇటూ చిలకల్లా ఎగిరి వాలుతున్నాయి. ఎదురుగా హోటల్లో సదయ్య చాయ్ పొంగిపోతున్నా చూసుకోలేదు.

మానిఫోల్డ్ ఊడి వచ్చింది. టర్బో తోసే గాలిని నాలుగు సిలిండర్లకు పంచే నాలుగు వేళ్ళ గొట్టం అది. వేళ్ళ నిండా నల్లగా గట్టిపడిన మసి.

యేసయ్య లోపలికి తొంగిచూశాడు. "అరె, మా బాయిల గూడ ఇంత మందం పొర ఎన్నడు సూడలే. లారీ పిలుద్దామా?"

జైపాల్‌కు నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. ఈయన నవ్విస్తున్నాడంటే ఏదో ఉంది. ఒక వేలి మొదట్లో వెంట్రుకంత పగులు చూపించాడు. "ఇదిగో, నీ ఈల." ఇంజను నాలుగు నోళ్ళలో నాలుగు గుడ్డలు కుక్కాడు. 'లోపల' వైపు గుడ్డల వరస మేకులకు నాలుగు బిళ్ళలు పడ్డాయి.

కొత్త మానిఫోల్డ్ వచ్చిన రోజు యేసయ్య దాన్ని తట్టి, విని, వాసన చూసి, ఇంకోసారి తట్టి ఒప్పుకున్నాడు. జైపాల్ ఒక్కొక్క గుడ్డ తీసి ఆయన చేతికే ఇచ్చాడు. కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులు నడుమ నుంచి చివరలకు వరసగా బిగించాడు. మధ్యాహ్నానికే పని అయిపోయింది.

"స్టార్ట్ చేద్దామా కాక?"

"ఇప్పుడే వద్దు. మొదటి షిఫ్టు ఇడిసే ఏళకు చేద్దాం."

"అప్పటిదాక ఎందుకు?"

"ఎండ తగ్గనీ. ఇంజనుకు వడదెబ్బ తగుల్తది."

ఇంజనుకు వడదెబ్బ! జైపాల్ అనుమానం ముదిరి పాకాన పడింది. షిఫ్టు వదిలారు. హెల్మెట్లు చంకన పెట్టుకుని మనుషులు వస్తున్నారు. యేసయ్య చెక్క చూసి ఒకరు ఆగారు, ఒకరు ఆగారని పదిమంది ఆగారు. దూరంగా రామగుండం పొగగొట్టాల మీద ఎండ పసుపు నుంచి బూడిదకు తిరుగుతోంది. జైపాల్ తాళంచెవి పెట్టాడు.

"ఆగు!" యేసయ్య కర్ర లేచింది.

'లోపల' వైపు గుడ్డల వరసలో ఒక మేకుకు ఒక బిళ్ళ వేలాడుతోంది. గుడ్డ బిళ్ళ.

వెనక నుంచి ఎవరో "గుడ్డ!" అన్నారు. నవ్వులు లేచాయి.

నాలుగూ తీశాను. తీశానా? మొదటిది తీశాను, రెండోది తీశాను... జైపాల్ జ్ఞాపకం అరచేతిలో నీళ్ళలా కారిపోతోంది.

"స్టార్ట్ చెయ్ రా, ఏం గాదు. ముసలాయననే బిళ్ళ మార్సుడు మరిసిండు" అన్నాడు సదయ్య.

"గావచ్చు" అన్నాడు యేసయ్య ఆకాశం వైపు చూస్తూ. "నేనే మరిసిన గావచ్చు. నీ ఇష్టం."

జైపాల్ తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. పానా పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్ రా?"

"బిళ్ళ లోపలుంటే మనిషి లోపలున్నట్టే అని నువ్వే గద అన్నవ్. తీసి సూస్త."

పొద్దుటి నుంచి బిగించినదాన్ని అందరి ముందూ మళ్ళీ విప్పాడు. ఎవరూ ఇంటికి పోలేదు. నాలుగు నోళ్ళలోనూ టార్చి వేసి, పిలిచి పిలిచి చూపించాడు. ఖాళీ. ఊదితే మోగేంత ఖాళీ.

"అరె!" యేసయ్య కుర్చీ కింద నుంచి మురికి గుడ్డ తీశాడు. "ఇక్కడ పడ్డది రా! నా లెక్కనే తప్పింది."

జనం ఘొల్లున నవ్వారు. ఈసారి జైపాల్‌ను చూసి కాదు. "యేసయ్య లెక్క తప్పిందట!" అన్న కబురు చీకటి పడేలోపు కాలనీలన్నీ చుట్టింది. మళ్ళీ బిగించి స్టార్ట్ చేస్తే ఇంజను ఈల వెయ్యకుండా, కడుపునిండా గాలి పీల్చుకుంది.

తెల్లారి షెడ్డు ముందు కార్లు నిలబడి ఉన్నాయి. "తప్పు లేకున్నా మల్ల విప్పిండు రా, నేను సూసిన" అని ఒకాయన ఇంకొకాయనకు చెబుతున్నాడు. వాటి మధ్య నుంచి సుసన్నా యేసయ్య లాల్చీ పట్టుకుని వచ్చింది.

"జైపాల్, ఈ నూనె మరక ఎట్ల పోతది బిడ్డా? నిన్న నేను చాయ్ తెచ్చి ఇచ్చినప్పుడే సూసిన, మురికిగుడ్డ జేబుల ముడిసి పెట్టుకున్నడు. ఏందయ్యా అంటే నోరు మూసుకొమ్మన్నడు."

జైపాల్ చేతిలో పానా ఆగిపోయింది. బాయిలో ఏనాడూ ఒక్క బిళ్ళ తప్పని మనిషి.

సదయ్య హోటల్లో దొరికాడు యేసయ్య.

"నన్ను అనుమానించినవా కాక?"

"నిన్ను గాదు రా, ఊరిని. నేను మాట చెప్తె ఇంటదని నాకు నమ్మకం లే. కండ్లతోని సూస్తెనే ఇంటది."

"నేను విప్పకుండ స్టార్ట్ చేసి ఉంటే?"

"చెయ్యవు."

"ఎట్ల తెలుసు?"

"మొన్న వచ్చినప్పుడు నీ వీపు తట్టిన గద. గట్టి రాయి."

జైపాల్ సదయ్య దగ్గర యేసయ్యకని చాయ్ అందుకుని, అలవాటు ప్రకారం ముందు తాను గుటక వెయ్యబోయాడు. యేసయ్య ఆ కప్పు లాక్కున్నాడు. టెస్టు లేకుండా, అందరూ చూస్తుండగా గడగడా తాగేశాడు.

సదయ్య నోరు తెరిచాడు. హోటలంతా ఆగి చూసింది.

యేసయ్య కప్పు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"చక్కెర తక్కువేసిండు" అన్నాడు. "నాకు ముందే అనుమానం."