చిలుములో మొహం

రోమ్‌ను ఏడు నెలలు ఏలి, సొంత సైనికుల చేతిలోనే చచ్చిన చక్రవర్తికి కూడా మొహం మిగిలింది. ముక్కు, గడ్డం, మెడ మీది మడతతో సహా వెండి మీద అచ్చయి, రెండు వేల ఏళ్లు దాటుకుని వేలూరులో నా అరచేతిలోకి వచ్చింది. మా నాయన ఆ పక్కనే గుడియాత్తంలో పదిహేనేళ్లు లుంగీలు నేశాడు. ఎవరినీ చంపలేదు, ఎవరి ఊరూ దోచుకోలేదు. ఆయన మొహం మాత్రం ఎక్కడా లేదు. నా నాణేల పిచ్చికి మొదలు ఈ కోపమే. అడిగినవాళ్లకు చరిత్ర అంటే ఇష్టమని చెబుతూ వచ్చాను గానీ అది పచ్చి అబద్ధం.

నాయన పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. మగ్గం చప్పుడు గుర్తుంది, నూలుకు పట్టించిన గంజి వాసన గుర్తుంది, మొహం గుర్తు లేదు. పెళ్లికి ఫోటో తీయించే స్తోమత వాళ్లకు లేదు. అయితే మా వీధిలో ఒక ఆచారం ఉండేది. బతికుండగా ఫోటో లేని మనిషి పోతే స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, పూలదండ వేసి, కాష్ఠానికి తీసుకుపోయే ముందు ఒక ఫోటో తీయించేవారు. ప్రతి ఇంట్లోనూ గోడ మీద అలాంటి పటం ఒకటి ఉండేది. గడ్డం కింద గుడ్డ కట్టి ఉంటుంది, కళ్లు మూసి ఉంటాయి. పిల్లలు ఆ పటాలను చూసి జడుసుకునేవారు. నేను మాత్రం కుళ్లుకునేదాన్ని.

నాయన పోయిన రోజు కౌండిన్య నదికి నీళ్లొచ్చాయి. సంవత్సరం పొడుగునా ఇసుక తప్ప ఏమీ కనిపించని నది అది. ఫోటో స్టూడియో అవతలి గట్టున ఉంది. ఫోటోలు తీసే మనిషి కెమెరా సంచి భుజాన వేసుకుని గట్టు దాకా వచ్చి, నీళ్లు చూసి, కాసేపు నిలబడి వెనక్కి పోయాడట. వానలో శవాన్ని ఎంతసేపని ఉంచుతారు? సాయంత్రానికి తీసుకుపోయారు. ఆయన్ని ఎరిగిన పెద్దవాళ్లు తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి ఆ మొహం మిగిలిన చోటు ఒకటే ఒకటి, మా అమ్మ తల.

నేను చదువుకుని వేలూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో చేరాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైక్రోస్కోపు కింద రక్తకణాలు లెక్కపెట్టే పని. అమ్మను తెచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తమిళనాట పుట్టిన అమ్మకు తెలుగు మాటలే తప్ప అక్షరాలు రావు, చదివితే తమిళమే. నేను తెలుగు అక్షరాలు దిద్దింది కూడా ముప్పై దాటాకే, ఆంధ్రా సరిహద్దులోని పరదరామి నుంచి రోజూ బస్సులో వచ్చే తోటి ఉద్యోగిని దగ్గర.

మొదటి నాణెం చూసింది గడియారానికి బ్యాటరీ వేయించుకోవడానికి పోయినప్పుడు. బజారు వెనక సందులో ఒక ముసలాయన గడియారాలు బాగుచేస్తూ, పాత నాణేలు కూడా అమ్మేవాడు. ఆయన నా గడియారం విప్పుతుంటే అద్దాల పెట్టెలో ఒక వెండి బిళ్ళ కనబడింది. దాని మీద ఒక పక్కకు తిరిగిన మొహం, కోపంగా, బతికున్నట్టే ఉంది.

"అది రోమాపురి రాజుదమ్మా," అన్నాడు ఆయన. "మన నదుల్లో ఇసక జల్లించేవాళ్లకు అప్పుడొకటి ఇప్పుడొకటి దొరకతా ఉండాది. ఆ కాలంలో మిరియాలకూ గుడ్డలకూ వచ్చిన దుడ్డంట."

గుడ్డలకూ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మావాళ్లలాంటి ఎవరో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసిన గుడ్డ ఓడెక్కిపోతే, దానికి బదులుగా ఆ రాజుల మొహాలు ఇక్కడికి వచ్చాయి. నేసినవాడి మొహం ఎవరూ చెక్కలేదు. ఆ రోజు గడియారంతో పాటు ఆ నాణెం కూడా తీసుకుని ఇంటికి పోయాను.

అమ్మకు చూపించాను. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, "ఈయప్ప ముక్కు కొంజం మీ నాయన ముక్కు మాదిరి ఉండాది," అంది.

ఏదో మాటవరసకు అన్న మాట. నేను మాత్రం దాన్ని పట్టుకున్నాను. అమ్మ తలలో ఉన్న మొహాన్ని బయటికి తీసే దారి దొరికిందనుకున్నాను.

ఆ తర్వాత పదకొండేళ్లు అదే పని. నాణేలు సేకరించేవాళ్లు వాటిని ఏలుబడి వరుసలో సర్దుకుంటారు. నేను నాయన అవయవాల వరుసలో సర్దాను. మందుల షాపులో ఇచ్చే ప్లాస్టిక్ డబ్బాల మీద ముక్కు, నుదురు, చెవి, గడ్డం అని కాగితాలు అంటించాను. ఏ నాణెం తెచ్చినా ముందు అమ్మ చేతికి భూతద్దంతో పాటు ఇచ్చేదాన్ని. ఆమె తీర్పు చెప్పాకే అది ఏ డబ్బాలోకి పోవాలో తేలేది. దుకాణం ముసలాయనకు ఈ సంగతి తెలిసి తల పట్టుకున్నాడు. "అందరూ రాజు పేరు అడగతారు, నువ్వు చెవులు అడగతావు," అనేవాడు.

అమ్మ తీర్పులకు ఒక్కోసారి నవ్వొచ్చేది. బుగ్గలు ఉబ్బిన ఒక చక్రవర్తిని చూసి, "ఛీ, వీడు అన్నం పెట్టినాక కూడా తిట్టే రకం," అని పక్కన పడేసింది. డెబ్బై దాటి చనిపోయినా నాణేల మీద చివరిదాకా పడుచువాడిగానే ఉండిపోయిన చక్రవర్తిని చూపిస్తే, "మీ నాయన కూడా అంతే కదా, ముసిలోడు కాలేదు," అంది. మన వైపు దొరికే వాటిలో కొన్నింటికి మొహం మీద ఉలితో కొట్టిన గాటు ఉంటుంది. ఎందుకు కొట్టారో ఎవరూ గట్టిగా చెప్పలేరు. అలాంటిది ఒకటి తెస్తే అమ్మ చేత్తో తాకను కూడా తాకలేదు. "ఎవురమ్మా ఈ పని చేసింది, మొగం మీద కొట్టచ్చునా?" అని ముఖం తిప్పేసుకుంది.

కొన్ని రోజులు మాటలు తేడా పడేవి. చెవులు చిన్నవంటుంది, నెల తిరిగేసరికి పెద్దవంటుంది. నాకు చిర్రెత్తుకొచ్చేది. పోలీసుస్టేషన్లో దొంగను అడిగినట్టు అడిగేదాన్ని. "సరిగ్గా ఆలోచించి చెప్పమ్మా, ఇది ఆటలు కాదు" అని గదమాయించేదాన్ని. ఆమె వయసు ఎనభైకి దగ్గరపడుతోంది. ఆమె పోతే నాయన రెండోసారి పోతాడు. నా కంగారంతా అది. ఆ కంగారులో ఆమె మొహం ఎలా వాడిపోయేదో నేను చూడలేదు.

నేను ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది దుకాణం ముసలాయన ఒక రాగి నాణెం పక్కన పెట్టి ఉంచాడు. మందంగా, ఆకుపచ్చగా, మట్టిగడ్డలా ఉంది. "దీంట్లో మొగం ఉండాదో లేదో చెప్పలేను. నీ అదృష్టం," అన్నాడు.

మట్టిలో వందల ఏళ్లు పడి ఉన్న రాగి నాణేల సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. లోపలి రాగిని నేల ఎప్పుడో తినేసి ఉంటుంది. పైన పట్టిన చిలుమే గట్టిపడి, పాత రూపాన్ని పట్టుకుని ఉంటుంది. అంటే మొహం ఉండేది లోహంలో కాదు, చిలుములో. మట్టిని మాత్రమే తీయాలి, చిలుమును ముట్టుకోకూడదు. ల్యాబులో వాడే శుద్ధమైన నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, తుమ్మముల్లుతో గింజంత మేర రోజూ గీకుతూ పోవాలి. నాకు రెండు నెలలు పట్టింది. మొదట చెవి వచ్చింది. తర్వాత సన్నటి మెడ, గొంతు ముడి, ముందుకు వంగిన ముక్కు. ముప్పై దాటని మనిషి. ఎందుకో అలసిపోయి ఉన్నాడు.

అమ్మ ఆ నాణెం పట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది. తర్వాత భూతద్దం కింద పెట్టి, "ఇదే. ఈయనే మీ నాయన. ఇంక యాడా యెతకొద్దు," అంది.

నేను ఏడ్చాను. అరవై ఏళ్ల మనిషిని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ నా తల నిమురుతూ, దాన్ని దేవుడి గూట్లో పెట్టమంది. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో నాయన తిథి వస్తుంది, ఆ రోజు ఆకు ముందు పెట్టి మొక్కుకుంటానంది. నేను సరేనని ఇచ్చాను. చిలుము గురించి ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

తిథికి ముందు రోజు నేను అరిటాకులకూ కూరగాయలకూ బజారుకు పోయాను. తిరిగొచ్చేసరికి అమ్మ పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. ముందు పళ్లెంలో దీపపు సెమ్మె, గంట, హారతి పళ్లెం అన్నీ చింతపండుతో తోమి మెరుస్తున్నాయి. వాటి పక్కన గుడ్డ మీద ఒక ఎర్రటి బిళ్ళ ఆరుతోంది. నున్నగా, గుంటలు పడి, రెండు వైపులా ఏమీ లేకుండా.

"చిలుము పట్టి ఉంటే యెట్లమ్మా," అంది అమ్మ నా వైపు చూసి. "రేపు తిథి కదా. మీ నాయనకు తలంటి పోసినట్ట బాగా తోమినాను. చూడు, యెట్ల మెరస్తా ఉండాడో."

మాకు పండగైనా తద్దినమైనా దేవుడి ఇత్తడి చింతపండుతో తోమాల్సిందే. ఆ నియమం తప్పితే అమ్మకు అన్నం దిగదు. ఆమె దృష్టిలో తన భర్త మురికిగా ఉండటం ఆ ఇంటి ఆడదానికి తలవంపులు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే అరిచాను.

"చంపేసినావు," అన్నాను. "ఉండిన ఒక్క మొగమూ నీ చేతులతో తోమేసినావు."

అమ్మ ఆ బిళ్ళను దగ్గరగా పట్టుకుని చూసింది, చీర కొంగుతో ఒకసారి తుడిచింది. మర్నాడు వంట చేసింది, ఆకు వేసింది, ఆ ఖాళీ బిళ్ళకే బొట్టు పెట్టి మొక్కింది. నేను ఆమెతో మాట్లాడలేదు. ఆ మర్నాడూ మాట్లాడలేదు. ఎనభై ఏళ్ల మనిషితో పంతానికి పోయాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

మూడో రోజు సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని, ముక్కు గీత అయినా మిగిలిందేమోనని ఆ బిళ్ళను దీపం కింద వెతుకుతున్నాను. వెనక మంచం మీద నుంచి అమ్మ గొంతు వినబడింది.

"ఒకటి చెప్తాను, కోపం చేసుకోవద్దు."

"చెప్పు," అన్నాను, తిరగకుండానే.

"దాంట్లో ఉండింది మీ నాయన కాదు."

నేను చేతిలోని భూతద్దం కింద పెట్టాను.

"నాకు ఆయన మొగం తెలీదమ్మా," అంది. "నువ్వు అడగతానే ఉంటివి. తెలీదంటే యాడ నీ ప్రాణం విలవిల్లాడిపోతాదో అని ఏందో ఒకటి చెప్తా వచ్చినాను. నువ్వు ఇంక అలిసిపోతా ఉండావు అని ఆ కడాపటి నాణెం ఆయనే అనేసినాను."

"మరిచిపోయినావా?"

"మరిచిపోయింది కాదు. చూసింది లేదు," అంది. "ఒకే గది ఇల్లు. అత్త, మామ, ఆడబిడ్డలు. పగలు మొగుడి మొగం తలెత్తి చూస్తే సిగ్గులేనిదంటారు. దీపం ఆర్పినాక యాడ చూసేది? ఆయన తెల్లారతానే మగ్గం గుంటలో దిగి కిటికీ పక్కకు తిరుక్కోని కూచుంటాడు. నేను ఆయన యెనక రాట్నం పెట్టుకోని నూలు కండెలు చుడతాను. పన్నెండేళ్ల కాపురంలో నేను చూసింది ఆయన ఈపు. ఈపు అడుగు, చెప్తాను. నువ్వు ఎప్పుడూ అడగలేదు."

నిజమే. కణాలు లెక్కపెట్టిన కళ్లతో పదకొండేళ్లు ముక్కులూ చెవులూ వెతికాను. నీకు ఏం గుర్తుందమ్మా అని ఒక్కసారి అడగలేదు. బిళ్ళను పక్కన పెట్టాను. "చెప్పు," అన్నాను.

అమ్మ తడుముకోకుండా చెప్పింది. ఎడమ భుజం కుడి భుజం కంటే కొంచెం పైకి ఉంటుంది. మెడ కింది ఎముక బయటికి పొడుచుకుని ఉంటుంది, బనీను అక్కడే చిరుగుతుంది. మగ్గం మీద నూలు నాడెను అటూ ఇటూ విసిరినప్పుడు కుడి రెక్క కింద కండ ఎగిరిపడుతుంది. చెమటకు బనీను అంటుకుంటే ఎముకలు ఎంచవచ్చు. దారం తెగితే ముడి వేయడానికి ఎంత వంగుతాడంటే, వెనక నుంచి చూస్తే తలే ఉండదు, రెండు భుజాలే ఉంటాయి. ఇన్నేళ్లలో ఆమె ఒక్క మాటా మార్చుకోకుండా చెప్పడం అదే మొదటిసారి.

"ఈ నాణేల మింద నాకు ఆశ లేదమ్మా," అంది చివరికి. "వారం వారం యాడన్నా కొత్తది దొరికిందా అని నిన్ను అడగతా ఉంటినే, అది యెందుకనుకున్నావు? నువ్వు ఆ బల్ల కాడ వంగి కూచోని ముల్లుతో గీకతా ఉంటావే, ఈడినుంచి చూస్తే నాకు మీ నాయనే."

లేచి పోయి ఆమె ఒళ్లో తల పెట్టుకోవాలనిపించింది. లేవలేదు. చేతిలో గీకడానికి ఏమీ లేకపోయినా ముల్లు తీసుకుని, ఆ నున్నటి బిళ్ళ మీదికి ఎప్పటిలాగే వంగాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, చెయ్యి కదిపితే భుజాలు కదులుతాయని. ఇంక చాలు, లేచి అన్నం తిందువు రా అని అమ్మ పిలిచేదాకా అలాగే కూర్చున్నాను.