చప్పుడు లేని ఇంజిన్

అమీర్‌పేటలో పొద్దున ఏడు గంటల బ్యాచ్‌కి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవాణ్ణి. తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలాగో గదినిండా జనానికి నేర్పేవాణ్ణి. నా బండిలో తప్పు మాత్రం నెల రోజులు పట్టుకోలేకపోయాను. ఆ నెలంతా నాకు ఒక మెకానిక్ మీద ఉన్నంత కోపం ఇంకెవరి మీదా లేదు.

ఇంజిన్లో వాల్వుల్ని కదిపే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయిందంటే పంజాగుట్ట సందులో ఉన్న ఆ మెకానిక్‌కి బండి ఇచ్చాను. హెడ్డు విప్పి, వాల్వులు సరిచేసి, కొత్త క్యామ్‌షాఫ్ట్ వేశాడు. బండి బాగానే నడిచింది గానీ, ఇంజిన్ పైభాగం నుంచి టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు. మనవాళ్ళకు బండి బాగుందని తేల్చే పద్ధతి ఒకటే, చప్పుడు రాకూడదు. ఎస్.ఆర్. నగర్‌లో మా హాస్టల్లో ప్రతివాడూ చెవి పెట్టి విని పెదవి విరిచాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే వెళ్ళి గొడవ పెట్టుకున్నాను.

"అది ట్యాపెట్ల సప్పుడన్నా, వాల్వుల మీద తట్టేటివి. జర ఉంటేనే మంచిది," అన్నాడు మెకానిక్.

"హెడ్డు మొత్తం చేశాక ఇంకా చప్పుడేంటి? అసలు వినపడకూడదు," అన్నాను.

రెండుసార్లు అదే గొడవ చేసేసరికి ఆయన విసిగిపోయి ట్యాపెట్లు బిగించేశాడు. చప్పుడు ఆగింది. నేనే గెలిచాననుకున్నాను.

ఆ వారం నుంచే కొత్త రోగం. పొద్దున ఒక్క కిక్కుకి స్టార్టయ్యేది. ఖైరతాబాద్ దాకా వెళ్ళొచ్చేసరికి ఏదో ఒక సిగ్నల్ దగ్గర టప్పున ఆగిపోయేది. ఇక ఎన్ని కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. చెమటలు కక్కుతూ షెడ్డు దాకా తోసుకెళ్తే, మెకానిక్ ముందు మళ్ళీ ఒక్క కిక్కుకే! "మంచిగనే ఉంది కదన్నా," అనేవాడు. ఆ మాట వింటే బండికీ ఆయనకీ కలిపి నిప్పు పెట్టాలనిపించేది. ఒకరు ప్లగ్గన్నారు, మార్చాను. ఒకరు కార్బురేటర్ అన్నారు, కడిగించాను. పెట్రోల్లో కల్తీ అన్నవాడి మాట విని బంకు కూడా మార్చాను. తప్పు ఎప్పుడెప్పుడు వస్తుందో ముందు రాసుకోండని రోజూ క్లాసులో చెప్పేవాణ్ణి, బండి వేడెక్కాకే ఆగుతోందన్న సంగతి, షెడ్డు దాకా తోసేలోగా చల్లారుతోందన్న సంగతి నాకు తట్టలేదు.

నా రూమ్మేట్ భీమవరం వైపు కుర్రాడు. రెండేళ్ళుగా ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. చివరికి మాదాపూర్‌లో ఒక కంపెనీ ఆఖరి రౌండుకి పిలిచింది. నేను దింపుతానని మాటిచ్చాను. క్లాసు ముగించుకుని వేడి వేడి బండి మీదే వాణ్ణి ఎక్కించుకున్నాను. పంజాగుట్ట చౌరస్తాలో ఆగిపోయింది. ఇస్త్రీ చొక్కాతో వాడు బండి తోశాడు. వెంటనే ఆటో ఎక్కించాను గానీ దారంతా ట్రాఫిక్కేనట. వాడు వెళ్ళేసరికి పిలవడం అయిపోయిందట, గేటు దగ్గరే వెనక్కి పంపేశారు.

ఆటో కదలగానే నేను పరుగున వెళ్ళి మెకానిక్‌ని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఇంజిన్ ఇంకా కాలుతూనే ఉంది. ఆయన బండి స్టార్టు చేయలేదు. కిక్ రాడ్డును అరచేత్తో నెమ్మదిగా నొక్కాడు. అది ఏ బిగువూ లేకుండా కిందికి దిగిపోయింది.

"కంప్రెషనే లేదన్నా, లోపల గాలి ఒత్తిడి నిలుస్తలేదు. వేడైతే వాల్వులు పూర్తిగ మూసుకుంటలేవు. ట్యాపెట్లు గ్యాప్ లేకుండ బిగిస్తే గిట్లనే అయితది. సప్పుడు రావొద్దని మీరే అంటిరి."

బండి చల్లారాక ట్యాపెట్లు సరైన గ్యాపుకి వదులు చేశాడు. అంతే, రోగం పోయింది.

సాయంత్రం రూమ్మేట్ మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. "బండికి ఏమైందంట అన్నయ్యా?" అని అడిగాడు.

"మెకానిక్ సరిగ్గా బిగించలేదు," అన్నాను. మాట దానంతట అదే వచ్చేసింది. దిద్దుకోవడానికి రాత్రంతా టైమున్నా దిద్దుకోలేదు.

పది రోజుల తర్వాత ఆయిల్ మార్పించడానికి షెడ్డుకి వెళ్ళాను.

"మీ రూమ్మేట్ వచ్చిండన్నా మొన్న," అన్నాడు మెకానిక్, చేతులు తుడుచుకుంటూ. "మస్తు తిట్టిండు. నా వల్లనే నౌకరీ పోయిందని ఏడ్సిండు సుత."

"మీరేమన్నారు?" అని అడిగాను.

"నేనేమంట? పిల్లగాడు గంత బాధల ఉన్నడు. మీతోనే ఒక్క రూంల ఉండాలె కదా."