మందిరానికి అడ్డం పడ్డాను

క్లాంగులో మన వీధంతా నన్ను చూసి ఎందుకు నవ్వుతోందో మీరు ఇంకొకరి నోట వినేకంటే నేనే చెప్పడం నయం. అందుకే ఈ సాయంత్రం ఇది రాసి కాఫీ కొట్టు తలుపుకు అంటిస్తున్నాను.

మన పెద్దలు మలయా వచ్చిన కొత్తలో కట్టిన కర్రల భజన మందిరాన్ని పడగొట్టి ఇటుకల కొట్లు కడతారని కొన్నాళ్ళుగా వింటున్నాను. ఈ ఉదయం రైలాఫీసుకు బయల్దేరితే, ఇద్దరు చీనా వడ్రంగులు మందిరం కప్పు విప్పుతున్నారు. నా రక్తం మరిగింది. గుమ్మానికి అడ్డంగా పడుకుని, "నన్ను తొక్కితే తప్ప ఒక్క చెక్క కదలదు!" అని అరిచాను. వాళ్ళకు తెలుగు రాకపోయినా బెదిరి నిచ్చెన దిగారు.

మందిరంలో దీపం పెట్టే అప్పలమ్మవ్వ పరుగున వచ్చింది.

"ఏటి బాబూ ఇది? ఆళ్ళు కూల్సడానికి రాలేదు, కప్పు బాగుసెయ్యడానికొచ్చినారు. ఆదివారం కూటంలో అందరం ఒప్పుకున్నాం గదా!"

"నాకెవరూ చెప్పలేదే అవ్వా!"

"సెప్పేదేటి? అందరికన్నా ముందు సెయ్యెత్తినోడివి నువ్వే!"

ఎత్తే ఉంటాను. కూటాల్లో నా ఉపన్యాసం అయిపోయాక ఇతరుల మాటలు వినే అలవాటు నాకు లేదు.

ఈ రభసలో వాన దిగింది. సగం విప్పిన కప్పు కింద రాములవారి పటాలు. అవ్వా, వడ్రంగులూ, నేనూ కలిసి వాటిని ఎదురింటికి చేరవేశాం. పటాలు తడవలేదు. నేను తడిశాను. వాన వెలిశాక, పొద్దువాలేసరికి వడ్రంగులు కొత్త కప్పు వేసేశారు.

మన మందిరానికి ఇంతవరకు వచ్చిన పెద్ద ప్రమాదం నేనేనని అవ్వ తేల్చేసింది. కాదనేవారుంటే కింద రాయండి, పెన్సిలు దారంతో కట్టి ఉంచాను.